ఉప్పునీటి ప్రయాణానికి తుప్పు పట్టని కత్తి

ప్రశ్న: సముద్రంలో కనూ ప్రయాణానికి మడత లేని కత్తి కొనాలంటే ఏ ఉక్కు మేలు?

జవాబు: స్టెయిన్‌లెస్ ఉక్కును తుప్పు నుంచి కాపాడేది క్రోమియం. అది కనీసం 10.5 శాతం ఉంటే, గాలి తగిలి ఉక్కు మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. సముద్రపు నీటిలోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. ఆ చోట సూదిమొనంత గుంటలు పడి లోపలికి తొలుచుకుపోతాయి. క్రోమియం శాతం ఒక్కటే చూసి కొనడం పొరపాటు. 440సీ ఉక్కులో అది 16 నుంచి 18 శాతం ఉంటుంది. కానీ కార్బన్ కూడా సుమారు ఒక శాతం ఉండటంతో, క్రోమియంలో కొంత భాగం కార్బైడ్లలో చిక్కుకుపోయి పొరకు అందదు.

అందుకే కార్బన్ తగ్గించి నత్రజని చేర్చిన ఉక్కులే సముద్రానికి సరైనవి. జపాన్‌లో పుట్టిన హెచ్1 ఉప్పునీటిలో దాదాపు తుప్పే పట్టదు, కానీ దాని సాదా అంచు త్వరగా మొద్దుబారుతుంది. తడి నైలాన్ తాళ్లు కోయాలి కాబట్టి అందులో రంపపు పళ్ల అంచు మేలు. ఎల్‌సీ200ఎన్ పదునును ఇంకా బాగా నిలుపుతుంది, ధర మాత్రం ఎక్కువ. రోజూ కడిగే ఓపిక ఉంటే స్వీడన్ ఉక్కు 12సీ27 చవకలో సరిపోతుంది. పూత పూసిన కార్బన్ ఉక్కు మాత్రం వద్దే వద్దు: పదును పెట్టిన అంచు మీద పూత ఉండదు, తుప్పు అక్కడే మొదలవుతుంది.

తోలు ఒర ఉప్పును పీల్చి పట్టి ఉంచుతుంది. అడుగున రంధ్రమున్న ప్లాస్టిక్ ఒర తీసుకోవాలి. సాయంత్రం కత్తినీ ఒరనూ మంచినీళ్లతో కడిగి, విడివిడిగా ఆరబెట్టాలి.