చెయ్యి పట్టని చోట పని గెలవాలంటే

చెయ్యి దూరదు. కన్ను ఆనదు. బోల్టు మాత్రం పడాల్సిందే.

పైపుల వెనక ఇరుక్కున్న వాల్వు, ఇంజిన్ అడుగున దాక్కున్న సెన్సరు, గోడకు ఆనించి పెట్టిన పంపుకు అవతలి వైపున్న నాలుగో బోల్టు... ఫిట్టర్లకు, మెకానిక్‌లకు ఇవి రోజూ ఎదురయ్యేవే. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు అలాంటి చోట గంటసేపు కుస్తీ పట్టి, వేళ్లు గీరుకుని, వాషరు లోపల పడేసుకుని చెమటలు కక్కుతూ బయటికొస్తాడు. అదే పని తలపండిన మేస్త్రి చేస్తే పావుగంటలో తేలిపోతుంది. ఆయన వేళ్లేమీ సన్నవి కావు. చూపు కుర్రాడి చూపంత చురుకైనదీ కాదు. మరి తేడా ఎక్కడ? కుర్రాడి పని సందులో చెయ్యి పెట్టాక మొదలవుతుంది. మేస్త్రి పని ఆపాటికి సగం అయిపోయి ఉంటుంది.

ఉద్యోగంలో, చదువులో, ఇంట్లో మనల్ని ఏడిపించే పనులు చాలావరకు ఈ బాపతే. సమయం ఇరుకు, సమాచారం అరకొర, తప్పు జరిగినా వెంటనే బయటపడదు. అలాంటప్పుడు ధైర్యం కావాలి, పట్టుదల కావాలి అని చెప్పేవాళ్లకు కొదవలేదు. వాటికన్నా ముందు కావాల్సింది ఏర్పాటు. పానా పట్టిన చేతుల నుంచి నేర్చుకోదగ్గ అలవాట్లు ఆరు ఉన్నాయి.

1. బల్ల మీద అయ్యే పనిని సందులో పెట్టుకోకండి

మంచి ఫిట్టరు వాల్వు పట్టుకుని నేరుగా పైపుల మధ్యకు దూరడు. ముందు బల్ల మీద పెట్టి చూస్తాడు. వాల్వు ఒంటి మీది బాణం గుర్తు ప్రవాహం వెళ్లే వైపే ఉంటుందా? చక్రం తిప్పితే పక్క పైపుకు తగులుతుందా? గాస్కెట్ కొలత సరిపోయిందా? నట్టు బోల్టు మీద చేత్తోనే చివరిదాకా తిరుగుతోందా? ఇవన్నీ వెలుతురులో, రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు తేల్చుకుంటాడు. సాకెట్‌లోంచి బోల్టు జారకుండా చిటికెడు గ్రీజు అద్దుతాడు. ఆక్సిజన్ లైన్ల దగ్గర మాత్రం గ్రీజు మాటే ఎత్తడు, నిప్పంటుకుంటుంది. జారిపడిన నట్టు యంత్రం కడుపులోకి పోకుండా కింద గుడ్డ పరుస్తాడు. వైరుతో కలిసి తిరిగే సెన్సరయితే, బిగించే దిశకు ఎదురుగా వైరును ముందే కొన్ని చుట్లు తిప్పి ఉంచుతాడు. సెన్సరు బిగిసేసరికి ఆ మెలిక దానంతటదే విడిపోతుంది.

రేపు మీటింగులో ఒక ఇబ్బందికరమైన విషయం చెప్పాల్సి ఉందనుకోండి. లెక్కలు అక్కడికెళ్లి వెతుక్కోవద్దు. మొదటి వాక్యం ఏమిటి, ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటి, జవాబు తెలియకపోతే ఏమనాలి... ఇవి ఇంటి దగ్గరే తేల్చుకోండి. గదిలో కూర్చున్నాక మీ బుర్రకు ఒక్క పనే మిగలాలి: ఎదుటివాళ్లు చెప్పేది వినడం.

2. ‘ఎవరో పెట్టే ఉంటారు’ అనుకోకండి

1983 మే 5. అమెరికాలోని మయామి నుంచి బహామాస్‌లోని నసావుకు ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855వ నంబరు విమానం బయల్దేరింది. మూడు ఇంజిన్ల లాక్‌హీడ్ ట్రైస్టార్, లోపల 172 మంది. దారిలో మధ్య ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయింది. పైలట్లు దాన్ని ఆపి మయామికి వెనక్కి తిప్పారు. కాసేపటికి మిగిలిన రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. కింద సముద్రం. ముందు ఆపేసిన ఇంజిన్‌ను మళ్లీ రాజేసి, ఆ ఒక్కదానితోనే మయామిలో దించగలిగారు. అందరూ బతికారు.

ఏం జరిగిందంటే, ఆయిల్‌లో లోహపు రజను ఏమైనా ఉందేమో పట్టి చూపడానికి ప్రతి ఇంజిన్‌కూ ‘చిప్ డిటెక్టర్’ అనే చిన్న అయస్కాంత పరికరం ఉంటుంది. అంతకుముందు రాత్రి మెకానిక్‌లు మూడు ఇంజిన్లలోనూ వాటిని మార్చారు. వెలుతురు తక్కువ, చెయ్యి పెట్టే చోటు ఇరుకు, పని చాలావరకు తడిమి చేసిందే. ఆయిల్ కారకుండా ఆపే ఓ-రింగులు మాత్రం ఆ డిటెక్టర్లకు లేవు. ఎందుకు లేవు? మామూలుగా ఫోర్‌మన్ బీరువాలో రింగులు తొడిగి సిద్ధంగా ఉంచిన డిటెక్టర్లు దొరికేవి. ఆ రాత్రి బీరువాలో లేవు, స్టోరు నుంచి తెచ్చుకున్నారు. వాడకానికి పనికొస్తుందన్న చీటీ వాటికి కట్టి ఉంది. రింగులు వేయాలని జాబ్ కార్డులో రాసే ఉంది. కార్డు మీద సంతకాలూ పడ్డాయి. చూడాల్సిన చోట ఎవరూ చూడలేదు, అంతే.

వాళ్లు చేతకానివాళ్లు కారు. రోజూ సిద్ధంగా దొరికే వస్తువు ఆ రోజూ సిద్ధంగానే ఉంటుందనుకున్నారు. మనమూ అదే చేస్తాం. అటాచ్‌మెంట్ పెట్టామనుకుని మెయిల్ పంపుతాం. బ్యాంకు ఫారంలో నామినీ పేరు ఎప్పుడో రాశామనుకుంటాం. అత్తయ్యగారికి మందు తమ్ముడు తెచ్చే ఉంటాడనుకుంటాం. రోజూ వచ్చే చోటు నుంచి కాకుండా వేరే చోటు నుంచి వస్తువో, కాగితమో, కబురో వచ్చిందంటే అక్కడ ఒక్క క్షణం ఆగండి. చేతిలో ఉండగానే తిప్పి చూడండి. లోపల పెట్టాక చూడటానికి వీలుండదు.

3. ముందు అన్నీ వేళ్లతో, ఆ తర్వాతే పానాతో

నాలుగు బోల్టుల ఫ్లాంజ్ ఉందంటే కుర్రాడు దగ్గరున్న బోల్టును ముందు బిగించేస్తాడు. తేలిక కదా! దాంతో ఫ్లాంజ్ ఓ పక్కకు ఒరిగి, వెనకున్న నాలుగో బోల్టు రంధ్రం పక్కకు జరుగుతుంది. ఇక అది ఎంతకీ పడదు. మేస్త్రి లెక్క వేరు. అన్నిటికన్నా అందని బోల్టును ముందు వేళ్లతో ఎక్కిస్తాడు. మిగతావీ వేళ్లతోనే. నాలుగూ తమ చోట కూర్చున్నాక పానా తీసి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, దఫాలుగా బిగిస్తాడు. గాస్కెట్ అన్ని వైపులా సమానంగా నలుగుతుంది.

గ్రూప్స్‌కు చదివేవాళ్లలో ఇలా ఒరిగిపోయినవాళ్లు కనిపిస్తారు. ఇష్టమైన చరిత్రను మూడు నెలలు నూరి, అర్థశాస్త్రం పుస్తకం అట్ట కూడా తెరవరు. మొదటి నెలలో అన్ని సబ్జెక్టులూ ఒక చుట్టు తిరగండి, భయపెట్టే సబ్జెక్టు మొదట. పట్టు బిగించడం ఆ తర్వాత. ఇల్లు కట్టేవారికైనా, పెళ్లి పనుల్లో ఉన్నవారికైనా ఇదే సూత్రం. అన్నీ వదులుగా నిలబడ్డాకే ఏదో ఒకటి గట్టిగా బిగించాలి.

4. ఎక్కనంటే ఆగండి

2013 జులై 2న కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి లేచిన రష్యా ప్రోటాన్-ఎం రాకెట్ పక్కకు ఊగి, తలకిందులై, నిమిషం లోపే నేలను ఢీకొంది. అందులో ఉన్న మూడు గ్లోనాస్ నావిగేషన్ ఉపగ్రహాలూ బూడిదయ్యాయి. రాకెట్ ఎటు తిరుగుతోందో చెప్పే కోణీయ వేగ సెన్సర్లలో మూడింటిని తలకిందులుగా బిగించారని దర్యాప్తులో తేలింది. ఆ సెన్సర్ల మీద పైకి ఏ వైపో చెప్పే బాణం గుర్తు ఉంది. తప్పు దిశలో పెడితే కూర్చోకుండా, వాటిని బిగించే పలకకు పిన్నులూ ఉన్నాయి. అయినా బలం ఉపయోగించి కూర్చోబెట్టిన ఆనవాళ్లు పలక మీద కనిపించాయి.

ఎక్కను అంటున్న వస్తువు ఏదో చెబుతోంది. బోల్టు రెండో చుట్టుకే బిగుసుకుందంటే థ్రెడ్ క్రాస్ అయి ఉండొచ్చు. అనుభవమున్న చెయ్యి అక్కడ పానా అందుకోదు. బోల్టును వెనక్కి, అంటే విప్పే వైపుకు, మెల్లగా తిప్పుతుంది. థ్రెడ్ మొదలు దొరికినప్పుడు చిన్న ‘టిక్’ వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే వెన్నలా ఎక్కుతుంది.

మాటల్లోనూ ఈ వెనక్కి తిప్పడం పనికొస్తుంది. పదో తరగతి కొడుకు మీ మాట వినడం లేదు. గొంతు పెంచితే తలుపు వేసుకుంటాడు. రెండడుగులు వెనక్కి వేసి, ‘నీకు ఇందులో నచ్చనిదేంట్రా?’ అని అడగండి. వాడు జవాబు చెప్పడం మొదలుపెట్టిన చోటే మీ మాటకూ దారి దొరుకుతుంది. మూడోసారి కూడా ఎక్కలేదంటే మాత్రం లోపం మీ బలంలో లేదు, దిశలో ఉంది. గుర్తులు మళ్లీ చూడండి.

5. అడ్డం తీయించడం చేతకానితనం కాదు

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో పైలట్ ముందున్న అద్దం గాల్లో ఊడిపోయింది. కెప్టెన్ నడుందాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, కోపైలట్ సౌతాంప్టన్‌లో విమానం దించాడు, కెప్టెన్ బతికాడు. అంతకుముందే ఆ అద్దం మార్చారు. దానికున్న 90 బోల్టుల్లో 84 కావాల్సిన దానికన్నా సన్నవి, మిగతా ఆరు పొట్టివి. పాత బోల్టును పక్కన పెట్టి, కంటితో పోల్చి తెచ్చిన బోల్టులవి. పైగా నిలబడ్డ స్టాండు అద్దం దాకా సరిగ్గా అందక, ముక్కు మీదుగా వంగి, చేతులు చాచి బిగించాల్సి వచ్చింది. అలా చాచిన చేతుల చాటున బోల్టు తల సరిగ్గా కూర్చోలేదన్న సంగతి కనపడలేదు.

స్టాండు జరపడానికి పట్టే సమయం దండగ అనిపిస్తుంది. జరపకపోతే ప్రతి బోల్టుకూ కొంత మూల్యం చెల్లిస్తూనే ఉంటాం. అందుకే ఇరవై నిమిషాలు పోయినా ముందు అడ్డంగా ఉన్న బ్రాకెట్ విప్పేయడమే మేలని పాత మెకానిక్‌లు అంటారు. మీ పనికి అడ్డం ఏమిటో కూడా అలా చూడండి. ఇంగ్లీషు రాక మీటింగులో నోరు మెదపలేకపోతున్నారా? ఒక్కో మీటింగునూ ఎలా గట్టెక్కాలా అని ఆలోచించడం మాని, ఆరు నెలలు ఆ భాష మీదే కూర్చోండి. పని అర్థం కావడం లేదా? ‘సార్, ఇది నాకు ఒక్కసారి చూపించండి’ అనండి. ఆ మాట అనడానికి మొహమాటపడి ఏళ్లు వెళ్లదీసినవాళ్లున్నారు.

6. వేళ్ల మాట సరే, పరీక్ష మాట వినండి

‘బిగిసింది’ అని వేళ్లు చెబుతాయి. వేళ్లు అలసిపోయి ఉంటాయి, బయటికొస్తే చాలనుకుంటాయి. అందుకే సాక్ష్యం వేరే చోటు నుంచి రావాలి. టార్క్ రెంచ్ చెప్పాలి. అద్దం ముక్కో, లోపలికి పెట్టి తీసిన సెల్‌ఫోన్ ఫొటోనో చూపాలి. ఒత్తిడి పెట్టి, కారుతుందేమో చూడాలి, అదీ కారేంత సమయం ఇచ్చి. మయామి ఇంజిన్లనూ ఆ రాత్రి తిప్పి చూశారు, కానీ కొన్ని సెకన్లే. లీకు బయటపడటానికి ఆ సమయం చాలలేదు.

పరీక్షయ్యాక మంచి ఫిట్టరు ఇంకో చిన్న పని చేస్తాడు. నట్టు మీది నుంచి ఫ్లాంజ్ మీదికి పెయింటుతో ఒక గీత గీస్తాడు. రేపు ఎవరు చూసినా ఆ గీత విరిగి ఉంటే నట్టు వదులైందని ఇట్టే తెలిసిపోతుంది. మీరు సెలవులో ఉన్నప్పుడు మీ పని చూసేవాళ్లకు అలాంటి గీత ఏం వదిలి వెళ్తున్నారు? ఫైలు ఎక్కడుంది, ఏది అయింది, ఏది కాలేదు, ఎవరికి ఫోన్ చేయాలి... నాలుగు ముక్కలు రాసి పెట్టండి. మీరు లేనప్పుడూ సాగే పనే మీ మీద నమ్మకం పెంచుతుంది.

ఈ వారం చేయాల్సింది

మీరు వాయిదా వేస్తున్న ఇరుకు పని ఒకటి తీసుకోండి. కాగితం మీద నిలువు గీత గీయండి. ఎడమ వైపు ‘ముందే చేయగలిగినవి’, కుడి వైపు ‘అక్కడే చేయాల్సినవి’ అని రాయండి. మొదట కుడి వైపు జాబితానే పొడుగ్గా ఉంటుంది. ఒక్కో అంశాన్నీ ‘ఇది నిజంగా అక్కడే చేయాలా?’ అని ప్రశ్నిస్తూ ఎడమ వైపుకు జరపండి. కుడి వైపు మూడు నాలుగు అంశాలు మిగిలాక తారీఖు వేసుకుని మొదలుపెట్టండి. ఆ మూడు నాలుగింటికి మాత్రమే మీ ధైర్యం ఖర్చు పెట్టండి. మిగతాదంతా బల్ల మీదే అయిపోయింది.