మస్తిష్క వినిమయం – బేతాళ ప్రశ్న : ఒక ధర్మ పరిశీలన

మూత్రపిండం, కాలేయం, హృదయం మొదలైన అవయవాలను ఒక దేహం నుండి మరొక దేహానికి మార్చే శస్త్రచికిత్సలు నేడు సుపరిచితాలు. వీటిలో దాత ఎవరో, గ్రహీత ఎవరో సందేహం లేదు. మూత్రపిండం పొందినవాడు తన పేరుతో, తన స్మృతులతోనే ఇల్లు చేరుతాడు. మెదడు విషయంలో ఈ స్పష్టత నిలువదు. దేవదత్తుని మెదడును యజ్ఞదత్తుని దేహంలో అమర్చితే మేల్కొన్నవాడు ఎవడు? యజ్ఞదత్తునికి కొత్త మెదడు లభించినదా, దేవదత్తునికి కొత్త దేహం లభించినదా?

ఇట్టి చికిత్స జీవించి ఉన్న మానవునిపై ఇంతవరకు జరగలేదు. 1954లో సోవియట్ శాస్త్రజ్ఞుడు డెమిఖోవ్ కుక్కపిల్ల పూర్వార్ధాన్ని పెద్దకుక్క మెడకు అతికించాడు. 1970లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో రాబర్ట్ వైట్ ఒక కోతి తలను మరొక కోతి మొండేనికి అమర్చాడు. ఆ తలకు స్పృహ వచ్చినా, వెన్నుపాము అతకనందున మొండెం చలనరహితంగానే ఉండిపోయింది. ఇటలీ వైద్యుడు కనవేరో 2017లో ప్రకటించిన ప్రయోగం చైనాలో మృతదేహాలపై జరిగినది. మెదడును మాత్రమే వేరుచేసి అమర్చడం ఇంతకంటె దుష్కరం. అట్లు చేసినచో కంటి, చెవి నాడులు కూడ తెగిపోవును.

కార్యం అసాధ్యమైనా ప్రశ్న ప్రాచీనమైనదే. సోమదేవుని కథాసరిత్సాగరంలోని ఆరవ బేతాళకథలో ధవళుడు, అతని భార్య మదనసుందరి, ఆమె సోదరుడు ప్రయాణమధ్యంలో దేవీ ఆలయానికి వస్తారు. పురుషులిద్దరూ ఒకరి తరువాత ఒకరు తమ శిరస్సులను దేవికి అర్పిస్తారు. దేవి అనుగ్రహంతో వారిని బ్రతికించుకొనే అవకాశం దొరికినప్పుడు మదనసుందరి తొందరపాటులో తలలను తారుమారుగా అతికిస్తుంది. భర్త ఎవడని బేతాళుడు అడుగగా, భర్త శిరస్సు ఎవనికి ఉన్నదో వాడే భర్త అని రాజు నిర్ణయిస్తాడు. అవయవాలలో శిరస్సు ప్రధానం, గుర్తింపు దానివలననే కలుగుతుంది అన్నది అతని హేతువు.

ఈ తీర్పుకు శాస్త్రబలం లేకపోలేదు. శిరస్సు ప్రాణాలకు, ఇంద్రియాలకు ఆశ్రయమని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. అనుభవించినవాడే స్మరించగలడన్న నైయాయికుల యుక్తి కూడ, స్మృతి మెదడును అనుసరించే పక్షంలో, రాజు వైపే మొగ్గుతుంది. అయితే చేతనకు స్థానం హృదయమని సుశ్రుతుడు. పురాణాలలో మేషశిరస్సు పొందిన దక్షుడు దక్షుడుగానే, గజశిరస్సు పొందిన వినాయకుడు గౌరీపుత్రుడుగానే నిలిచారు. అక్కడ వ్యక్తిని నిలిపినది శిరస్సు కాదు, బాంధవ్యం. కనుక శిరఃప్రాధాన్యం మన వాఙ్మయంలో ఏకైక సిద్ధాంతం కాదు.

రాజు తీర్పును అంగీకరించినా ఒక చిక్కు మిగులుతుంది. సోమదేవుని కథలో రెండవ దేహం పరాయివానిది కాదు, సోదరునిది. తీర్పు ప్రకారం మదనసుందరి భర్తకు ఉన్నది సోదరుని మొండెం. సంతానబీజం మొండెం నుండి కలిగేదే కనుక, నేటి జన్యుశాస్త్రం ప్రకారం ఆమెకు పుట్టే బిడ్డకు బీజదాత ఆమె సోదరుడే. మనుస్మృతి నవమాధ్యాయం చర్చించిన బీజక్షేత్ర వివాదం ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతుంది. అక్కడ బీజం ఒకరిది, క్షేత్రం మరొకరిది. ఇక్కడ ఒకే పురుషునిలో తండ్రితనం ఒకరిది, బీజం మరొకరిది. బేతాళుడు ఈ ప్రశ్న వేయలేదు. మదనసుందరి అభిప్రాయాన్ని రాజు కూడ అడుగలేదు.

ఆధునిక చర్చ ఆరంభం కావలసినది ఇక్కడే. భారతదేశంలో 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం మెదడుకాండ మరణాన్ని మరణంగా గుర్తించింది. మెదడు నశిస్తే వ్యక్తి లేడన్న ఈ భావనను మస్తిష్క వినిమయానికి అన్వయిస్తే, మేల్కొన్నవాడు దేవదత్తుడే. యజ్ఞదత్తుడు గ్రహీత కాడు, సమస్త దేహాన్ని ఇచ్చిన దాత. అప్పుడు మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసి ఉన్నది. మూత్రపిండం ఇవ్వడానికి తెలిపిన సమ్మతి తన ముఖాన్ని, చేతులను, సంతానబీజాన్ని ఇవ్వడానికి చాలునా? ఒక దేహంలోని హృదయం, కాలేయం, రెండు మూత్రపిండాలు నలుగురిని బ్రతికించగలిగినప్పుడు, ఆ దేహమంతటిని ఒక్కనికే కేటాయించడం న్యాయమా? మరణించిన కుమారుని ముఖం వీధిలో అపరిచితునిగా నడిచిపోతే, ఆ తల్లికి కలిగే వేదనకు ఎవరు బాధ్యులు?

శిరస్సు ఎవరిదో తేల్చినంత మాత్రాన ఈ ప్రశ్నలు తీరవు. ‘ఇతడు ఎవడు’ అన్నది తత్త్వ ప్రశ్న. ‘ఇతడు ఎవరెవరికి ఏమి ఋణపడినాడు’ అన్నది ధర్మ ప్రశ్న. రాజు మొదటిదానికి సమాధానం చెప్పాడు. రెండవదానికి సమాధానం లభించనంతవరకు, శస్త్రవైద్యుని నైపుణ్యం ఎంత పెరిగినా, మస్తిష్క వినిమయం ధర్మసమ్మతమని చెప్పడానికి వీలులేదు.