ఈ రోజు ఏం ఖైర్ జరిగింది?

మనం ఒకరినొకరు కలుసుకున్నప్పుడు సలాం తర్వాత అడిగే మొదటి మాట "ఖైరియత్?" అని. అవతలి వ్యక్తి "అల్ హమ్దు లిల్లాహ్, ఖైరియత్" అంటాడు. ఆ వెంటనే ఏం మాట్లాడుకుంటాం? పెరిగిన ధరల సంగతి, ఆఫీసులో పై అధికారి విసుక్కున్న సంగతి, బంధువుల పెళ్లిలో మనకు జరిగిన అమర్యాద సంగతి. పావుగంట గడిచేసరికి 'ఖైరియత్' అన్న మాటకు అర్థమే మిగలదు. ఏ నోటితో అల్లాహ్‌ను స్తుతించామో అదే నోటితో ఆయన అనుగ్రహాలను కప్పేస్తాం.

మేముండేది హైదరాబాద్‌లోని ఖైరతాబాద్‌లో. కుతుబ్ షాహీ వంశపు ఖైరతున్నిసా బేగం పేరు మీదుగా ఈ పేటకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ కాలం నాటి మసీదు ఇప్పటికీ ఇక్కడ ఉంది. 'ఖైర్' అంటే మేలు. మేలును పేరులోనే పెట్టుకున్న పేటలో ఉంటూ, రోజూ సాయంత్రం మనం ఇంటికి మోసుకెళ్తున్నది మేలు కబురా, చేదు కబురా? ప్రియ పాఠకులారా! ఈ ప్రశ్న మనల్ని మనం వేసుకోవటానికే ఈ పాఠం.

అనుగ్రహాన్ని చెప్పుకోవటం

దివ్యఖుర్ఆన్‌లోని 93వ సూరా 'అజ్ జుహా'ను గుర్తు తెచ్చుకోండి. వహీ కొంతకాలం ఆగి, మహాప్రవక్త ముహమ్మద్ (స) మనసు బరువెక్కిన రోజుల్లో అవతరించిన సూరా ఇది. అనాథగా ఉన్నప్పుడు ఆశ్రయం ఇచ్చిందీ, మార్గం చూపిందీ, పేదరికం నుంచి బయటపడేసిందీ తానేనని అల్లాహ్ తన ప్రవక్తకు గుర్తు చేశాడు. తర్వాత మూడు ఆదేశాలిచ్చాడు. అనాథను అణచవద్దు. అడిగినవాణ్ణి కసరవద్దు. నీ ప్రభువు అనుగ్రహాన్ని చెబుతూ ఉండు.

ఈ వరుసను గమనించండి. అనుగ్రహాన్ని చెప్పుకోమన్న ఆదేశం చివర వచ్చింది. దానికి ముందు అనాథ ఉన్నాడు, అడిగేవాడు ఉన్నాడు. అంటే లేనివాడి మనసును కాపాడటం నేర్చుకున్న తర్వాతే మనకు కలిగిన మేలును నోరారా చెప్పుకోవాలన్న పాఠం ఇందులో ఉంది. ఈ వరుస తప్పితే ఏమవుతుందో ముందు ముందు చూద్దాం.

మరి చిన్న చిన్న మేళ్లను కూడా చెప్పుకోవాలా? ఏ మంచి పనినీ అల్పంగా చూడవద్దని, తోటి సోదరుణ్ణి నవ్వు ముఖంతో పలకరించటం కూడా మంచి పనేనని ప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు బోధించినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. దారికి అడ్డంగా ఉన్న ముళ్లకొమ్మను తీసి పక్కన పడేసిన మనిషిని అల్లాహ్ క్షమించాడని మరో హదీసు తెలుపుతోంది. పని అల్పం కానప్పుడు దాని కబురు మాత్రం అల్పం ఎలా అవుతుంది? ఎంఎంటీఎస్ రైలులో ఒక విద్యార్థి లేచి ముసలామెకు సీటిచ్చాడు. ఆటోలో మరచిపోయిన ఆసుపత్రి కాగితాలను డ్రైవరు వెతుక్కుంటూ వచ్చి ఇచ్చి వెళ్లాడు. ఇవి రోజూ జరిగేవే. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడన్న ప్రవక్త (స) బోధన ప్రకారం, వారి మంచిని నలుగురిలో చెప్పటం కూడా కృతజ్ఞతే.

కొండ మీది నుంచి ఒక కేక

శుభవార్త మోసినవాడి విలువ ఏమిటో హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) వృత్తాంతం తెలుపుతుంది. తబూక్ యుద్ధయాత్రకు వెళ్లకుండా ఉండిపోయి, సాకులు చెప్పకుండా నిజం ఒప్పుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. వారితో ఎవరూ మాట్లాడవద్దని ఆదేశం వచ్చింది. యాభై రోజులు గడిచాయి. విశాలమైన భూమి కూడా ఆయనకు ఇరుకైపోయింది. యాభయ్యో రోజు ఫజర్ నమాజ్ తర్వాత ఇంటి కప్పు మీద కూర్చుని ఉండగా, సలా కొండ మీది నుంచి ఎవరో గొంతెత్తి ఆయన పేరు పిలుస్తూ శుభవార్త చెప్పారు. అల్లాహ్ ఆయన తౌబాను స్వీకరించాడు!

ఆ కబురు చెప్పటానికి ఒకరు గుర్రం మీద కూడా బయలుదేరారు. కాని కేక గుర్రం కంటే ముందు చేరింది. కేక వేసిన వ్యక్తి తన దగ్గరకు రాగానే కాబ్ (రజి) తన ఒంటి మీది రెండు వస్త్రాలనూ తీసి ఇచ్చేశారు. ఆయన దగ్గర వేరే బట్టలు లేవు. అరువు తెచ్చుకుని కట్టుకుని మసీదుకు వెళ్లారు. అక్కడ హజ్రత్ తల్హా (రజి) లేచి పరుగున వచ్చి చేయి కలిపి అభినందించారు. ఆ ఒక్క పలకరింపును తాను జీవితాంతం మరచిపోలేదని కాబ్ (రజి) చెప్పుకున్నారు. కేక వేసినవారికి అయిన ఖర్చు ఏమిటి? తల్హా (రజి)కి అయిన ఖర్చు ఏమిటి? కాని విరిగిన ఒక మనసు ఆ రెండింటితో నిలబడింది.

పుకారు కంటే ముందు మంచి కబురు

చెడు కబురుకు ఎవరూ కాళ్లివ్వనక్కర లేదు. వాట్సాప్ యుగంలో దానికి రెక్కలే ఉన్నాయి. శాంతికో భయానికో సంబంధించిన వార్త చేరగానే దాన్ని చాటేసేవారిని ఖుర్ఆన్ 4వ సూరా 83వ ఆయత్ తప్పుపట్టింది. వచ్చిన వార్తను విచారించి తెలుసుకోమని 49వ సూరా 6వ ఆయత్ ఆదేశించింది. వేర్వేరు మతాలవారు గోడకు గోడ ఆనించుకుని బతికే మన పేటలకు ఈ ఆదేశం ఎంత అవసరమో చెప్పనక్కర లేదు. ఒక్క పుకారు చాలు, ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు స్నేహం తలుపులు మూసుకోవటానికి.

2023 సెప్టెంబర్ 28న మీలాదున్నబీ, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు వచ్చాయి. ఖైరతాబాద్‌లో 1954 నుంచి ప్రతిష్ఠిస్తూ వస్తున్న విగ్రహం హుస్సేన్ సాగర్‌కు తరలే రోజది. వీధులన్నీ జనంతో నిండిపోతాయి. అందుకని మన నగరంలోని ముస్లిం పెద్దలు మీలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేశారు. 2024లో కూడా రెండూ పక్క పక్క రోజుల్లో రాగా ఊరేగింపును సెప్టెంబర్ 19కి మార్చారు. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? గొడవ జరిగి ఉంటే మాత్రం ప్రతి పిల్లవాడికీ తెలిసేది.

అదే సెప్టెంబర్ 28న, 1908లో, మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టు కింద ఏటా జనం చేరి ఆ రోజును తలచుకుంటారు. పోయినవారిని మరువకుండానే, మిగిలిన మేలును కూడా తరతరాలకు చెప్పుకోవటం ఇలాగే ఉంటుంది.

నేను చేసిన పొరపాటు

వరుస తప్పితే ఏమవుతుందో చూద్దామన్నాను కదా. కొన్నేళ్ల క్రితం మా అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఇషా నమాజ్ తర్వాత మసీదు మెట్ల మీద నిలబడి నలుగురికీ చెప్పాను. వాడి ర్యాంకు చెప్పాను, రాత్రి ఎన్ని గంటల దాకా చదివేవాడో కూడా చెప్పాను. ఆ నలుగురిలో ఒకాయన కొడుక్కి అదే పరీక్షలో సీటు రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ నిమిషంలో గుర్తు రాలేదు. ఆయన "ముబారక్ హో భాయ్" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు వెనుక సఫ్‌లో నిలబడి, సలాం తిప్పగానే లేచి వెళ్లేవాడు.

ఇంట్లో చెబితే నా భార్య అన్నది: "మీరు చెప్పింది అల్లాహ్ చేసిన మేలు గురించి కాదండీ, మీ గురించి." ఆ మాట గుచ్చుకుంది. మరునాడు ఆయన ఇంటికి వెళ్లి మన్నించమని అడిగాను. ఆయన ఏమీ అనలేదు, చాయ్ తెప్పించాడు. ఏడాది తర్వాత ఒక రోజు ఫజర్ నమాజ్ ముగిశాక, చెప్పులు వేసుకునే చోట ఆయనే నా చేయి పట్టుకున్నాడు. కొడుకు ఏసీ రిపేరు పని నేర్చుకున్నాడు, మొదటి జీతం తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. "ముందు మీకే చెప్పాలనిపించింది భాయ్" అన్నాడు. నాకు తల్హా (రజి) పరుగు గుర్తొచ్చింది. ఆయన్ను గుండెకు హత్తుకున్నాను.

గుర్తుంచుకోవలసినవి

1. మేలును అల్లాహ్ పేరుతో మొదలుపెట్టి చెప్పాలి. తన సంపద తన తెలివి వల్లే వచ్చిందన్న ఖారూన్ గతి ఏమైందో 28వ సూరాలో చదువుతాం.

2. ఎదుట ఎవరున్నారో చూసుకోవాలి. కలను అన్నలకు చెప్పవద్దని హజ్రత్ యాఖూబ్ (అలై) తన కుమారుడు యూసుఫ్ (అలై)ను హెచ్చరించారు. ప్రతి మంచినీ ప్రతి ఒక్కరికీ చెప్పనక్కర లేదు.

3. మనం చేసిన మంచి కంటే ఇతరులు మనకు చేసిన మంచినే ఎక్కువ చెప్పాలి. దానం తీసుకున్నవారి పేరు, ఫోటో బయటపెట్టటం మేలు కాదు, అది వారిని బాధించటమే.

4. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మంచి కబురుకైనా అబద్ధం అతికించకూడదు.

5. మంచి చెప్పుకోవటమంటే అన్యాయాన్ని దాచటం కాదు. అన్యాయానికి గురైనవాడు గొంతెత్తటానికి ఖుర్ఆన్ (4:148) అనుమతినిచ్చింది.

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లల్ని అడిగి చూడండి: "ఈ రోజు ఏం ఖైర్ జరిగింది?" మొదటి రోజు వారికి ఏమీ తోచకపోవచ్చు. మీరే ఒకటి చెప్పండి, చిన్నదైనా సరే. పదో రోజుకు వారే వెతుక్కుని తెస్తారు. మనకు మేలు చేసినవారికి చెప్పమని ప్రవక్త (స) నేర్పిన మాట "జజాకల్లాహు ఖైరన్". అందులో కూడా ఉన్నది ఖైరే.

అల్లాహ్ మనకు మేలును చూసే కళ్లనూ, దాన్ని వినయంతో చెప్పే నాలుకనూ, ఇతరుల మేలు విని సంతోషించే మనసునూ ప్రసాదించుగాక! ఆమీన్.