విషయసూచికలో సున్నాలు చుట్టండి

ఒక చిన్న టెస్ట్. ఇప్పుడు కథలు రాస్తున్న తెలుగు రచయితల్లో నలభై దాటనివాళ్లు ఐదుగురి పేర్లు చెప్పండి. గూగుల్ చూడొద్దు. టైమ్ ముప్పై సెకన్లు.

రెండు పేర్ల దగ్గర ఆగిపోయారా? ఫర్వాలేదు. చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు పేర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. అంటే కథ మీద మీకు ప్రేమ ఉంది. కొత్తవాళ్లను వెతికే అలవాటే లేదు. అలవాటు నేర్చుకుంటే వచ్చేదే. మీకూ వస్తుంది.

"ఇప్పుడెవరు రాస్తున్నారండీ అంత బాగా?" అని పెళ్లిళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో నిట్టూర్చేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. ఈమధ్య ఏ కథ చదివారని అడిగి చూడండి. కాలేజీలో చదివిన నాన్‌డిటెయిల్ దాకా వెనక్కి వెళ్తారు. మీరు ఆ గుంపులోంచి ఈ వారమే బయటికి రండి.

ఎలా? కథా సంకలనంతో.

ముందు ఒక మాట తేల్చుకుందాం. సంపుటి వేరు, సంకలనం వేరు. ఒకే రచయిత కథలన్నీ కలిపి వేస్తే సంపుటి. పదిమంది కథలు ఏరి ఒక పుస్తకంగా వేస్తే సంకలనం. ముక్కూ మొహం తెలియని రచయిత సంపుటి కొనాలంటే ఎవరికైనా కాస్త జంకే. సంకలనానికి ఆ బెంగ లేదు. అది పెళ్లి బంతి. అన్నీ కొంచెం కొంచెం వడ్డిస్తారు. నచ్చింది మారు అడుగుతారు, నచ్చనిది విస్తరి చివరికి తోస్తారు.

పైగా మీ పని సగం ఎవరో ముందే చేసిపెట్టారు. 'కథాసాహితి' 1990 నాటి కథలతో మొదలుపెట్టి ఏటా 'కథ' పేరుతో సంకలనం తెస్తోంది. సంపాదకులు వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్. ఏడాది పొడుగునా పత్రికల్లో వచ్చిన కథల్ని జల్లెడపట్టి, ఏరి, ఒక పుస్తకంగా మీ చేతిలో పెడుతున్నారు. మధురాంతకం నరేంద్ర సంపాదకత్వంలో వచ్చిన 'కథావార్షిక'దీ ఇదే దారి. అమెరికాలో ఉంటూ రాస్తున్నవాళ్లు కావాలా? వంగూరి ఫౌండేషన్ వేసిన 'అమెరికా తెలుగు కథానిక' సంకలనాలున్నాయి.

అయితే ఒక్క సంకలనంతో ఆగకండి. ఎంత మంచి ఎడిటర్‌కైనా ఒక ఊరుంటుంది, ఒక రుచి ఉంటుంది, కొన్ని ఇష్టాలుంటాయి. ఆయన జల్లెడలోంచి మంచి గింజలు జారిపోవచ్చు. ముస్లిం కథలతో స్కైబాబ 'వతన్' తెచ్చారు. తెలంగాణ కథలకు, స్త్రీల కథలకు, దళిత కథలకు విడిగా సంకలనాలు వచ్చాయి. పెద్ద బంతిలో చోటు చాలనివాళ్లు తమ బంతి తామే వేసుకున్నారు. నన్నడిగితే కొత్త గొంతులు ఎక్కువగా దొరికేది అక్కడే.

ఇక ప్రాక్టీస్‌లోకి వద్దాం.

పుస్తకం తెరవగానే విషయసూచిక దగ్గర ఆగండి. పెన్సిల్ తీయండి. తెలిసిన పేర్లకు టిక్ పెట్టండి. ఎప్పుడూ వినని పేర్లకు సున్నా చుట్టండి. చదవడం సున్నాలతో మొదలుపెట్టండి. టిక్‌లు ఎక్కడికీ పోవు.

చెప్పడానికి చిన్న విషయమే. చేయడం మాత్రం కష్టం. చెయ్యి తనంతట తాను తెలిసిన పేరు దగ్గరికే వెళ్తుంది. నేనూ ఏళ్ల తరబడి అలాగే చదివాను. కొత్త పేర్లున్న పేజీలు నా పుస్తకాల్లో ఇస్త్రీ మడత నలగకుండా ఉండేవి. సున్నాలు మొదలుపెట్టాకే నా దారి మారింది.

రాత్రికి ఒక కథ. ఒక్కటే. ఇరవై నిమిషాల పని. నాలుగు రీల్స్ చూద్దామని ఫోన్ తీసి గంట పోగొట్టుకునే మనకు ఇరవై నిమిషాలు లేవంటే ఎవరూ నమ్మరు. రెండో కథ వెంటనే మొదలెట్టకండి. మొదటిది రాత్రంతా నానాలి.

భాష అడ్డం పడితే పైకి చదవండి. ఇది ముఖ్యం. నాది కోస్తా. సీమ యాసలో, తెలంగాణ యాసలో రాసిన కథ కనబడితే మొదట్లో పేజీ తిప్పేసేవాణ్ణి. కళ్లకు ఎక్కని వాక్యం చెవికి సులువుగా ఎక్కుతుందని ఆలస్యంగా తెలిసింది. రెండు పేజీలు గొంతెత్తి చదవండి. మూడో పేజీకి ఆ మనిషి మీ ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటాడు. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

కథ అయ్యాక చివరనున్న చిన్న అక్షరాలు చదవండి. మొదట ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చిందో చాలా సంకలనాల్లో వేస్తారు. ఆ పత్రిక పేరు రాసుకోండి. మీ తర్వాతి రచయిత అక్కడే దొరకొచ్చు.

ఒక షార్ట్‌కట్ కూడా ఇస్తాను. కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి 35 ఏళ్లు మించని రచయితలకు యువ పురస్కారం ఇస్తోంది. తెలుగులో అందుకున్నవాళ్లలో కథకుల్ని చూడండి.

2011లో వేంపల్లి గంగాధర్, 'మొలకల పున్నమి'.
2012లో వేంపల్లె షరీఫ్, 'జుమ్మా'.
2015లో పసునూరి రవీందర్, 'అవుటాఫ్ కవరేజ్ ఏరియా'.
2016లో చైతన్య పింగళి, 'చిట్టగాంగ్ విప్లవ వనితలు'.
2020లో ఎండ్లూరి మానస, 'మిళింద'.
2024లో రమేశ్ కార్తీక్ నాయక్, 'ఢావ్లో'.

ఆరూ కథల పుస్తకాలే. మొదటి టెస్ట్‌కు జవాబులు దొరికాయని సంబరపడకండి. వీళ్లలో కొందరు అప్పుడే నలభై దాటేశారు. మీరు లేటు! అవార్డు వచ్చాక తెలుసుకోవడం న్యూస్ చదవడం లాంటిది. అవార్డుకు ముందే సంకలనంలో పట్టుకున్నారనుకోండి, ఆ కిక్కే వేరు.

డబ్బుల సంగతా? శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం వేల కథల్ని స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. 'ఈమాట', 'సారంగ' వంటి వెబ్ పత్రికలకూ పైసా కట్టనక్కర్లేదు. కొనగలిగితే మాత్రం కొనండి. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. బిర్యానీకి లెక్కచూడని చెయ్యి పుస్తకం దగ్గర వణకకూడదు.

చివరి స్టెప్‌కు కొంచెం ధైర్యం కావాలి. తెలుగు పుస్తకాల్లో ఒక మంచి అలవాటుంది. రచయిత ఫోన్ నంబరో మెయిలో తరచుగా లోపలి పేజీలోనే ఉంటుంది. కథ నచ్చితే ఫోన్ చేయండి. "కథ బాగుందండీ" అని పెట్టేయకండి. ఏ సీన్ దగ్గర ఆగిపోయారో చెప్పండి. ఏ మాట రెండుసార్లు చదివారో చెప్పండి. ముగింపు ఎలా ఉండాల్సిందో మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇచ్చేవాళ్లు వాళ్లకు ఇప్పటికే చాలామంది ఉన్నారు. తర్వాత "మీ సంపుటి వచ్చిందా, ఎక్కడ దొరుకుతుంది?" అని అడగండి. వచ్చి ఉంటే ఆరోజే ఆర్డర్ పెట్టండి. వెయ్యి కాపీలు వేయడమే సాహసమైన చోట మీ ఒక్క కాపీ లెక్కలోకి వస్తుంది.

ఆదివారం లోపు ఒక సంకలనం మీ ఇంటికి రావాలి. పెన్సిల్ ఇప్పుడే చెక్కి పెట్టుకోండి.