షుగర్ ఒక పిల్లికి, తిండి మార్పు అన్నింటికీ

ప్రశ్న: మా మూడు పిల్లుల్లో ఒకదానికి షుగర్ వచ్చింది, ఇన్సులిన్ వేస్తున్నాం. దాని తిండి విడిగా పెట్టాలాండీ?
– ఒక పాఠకురాలు, బాగన్ దాతుక్

జవాబు: వీలైతే మూడింటికీ ఒకే తిండి పెట్టండమ్మా. పిల్లి అచ్చమైన మాంసాహారి; పిండిపదార్థం లేకున్నా బతుకుతుంది. రోజంతా గిన్నెలో ఉండే ఎండు గుళికల్లోనూ, చేప కలిపిన అన్నంలోనూ ఉండేది ఆ పిండిపదార్థమే. అది తగ్గించి, తొలిదశలోనే వైద్యం అందిస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తీరిపోతుంది. అందుకే మాంసం ఎక్కువగా ఉండే తడి డబ్బా తిండి 12 గంటల తేడాతో రెండు పూటలా పెట్టి, తినగానే గిన్నెలు తీసేయండి. మిగతావి నీరసిస్తాయన్న భయం వద్దు. ఆరోగ్యమైన పెద్ద పిల్లికి అది చాలు. కిడ్నీ జబ్బున్నది ఉంటే మాత్రం వేరే గది, వేరే తిండి తప్పదు. అయితే తిండి మారితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇన్సులిన్ మోతాదు గురించి పశువైద్యుణ్ణి అడిగాకే, మెల్లగా మార్చండి. పిల్లి తూలినా, వణికినా చిగుళ్లకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.