నాన్నగారిని తరిమిన సాలీడు



మా నాన్నగారు సైన్యంలో హవల్దారు. కొన్నేళ్ల క్రితం ఆయనకు రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపు ఎడారిలో పోస్టింగ్ వచ్చింది. కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. అమ్మ, చెల్లి, నేను విజయనగరంలో అమ్మమ్మగారింట్లో ఉండిపోయాం. సెలవు మీద వచ్చినప్పుడు నాన్నగారు చెప్పిన సంగతుల్లో మమ్మల్ని బాగా నవ్వించింది ఒంటె సాలీడు కథ.

చేరిన రోజే పాత జవాన్లు ఆయన్ని భయపెట్టారట. "ఇక్కడో పెద్ద సాలీడు ఉంది. ఒంటె పొట్టనే కొరికి తినేస్తుంది. మనిషి కనబడితే వెంటపడుతుంది" అని. నాన్నగారు నమ్మలేదు. వారం తిరగకముందే ఒక సాయంత్రం, ఎండ ఇంకా మండుతుండగా, ఇసుక బస్తా ఎత్తారు. దాని కింది నుంచి లేత గోధుమరంగు పురుగొకటి సర్రున బయటికొచ్చి ఆయన మీదికే పరుగెత్తింది. ఆయన ఎడమకు జరిగితే అదీ ఎడమకు, కుడికి జరిగితే అదీ కుడికి! చివరికి నాన్నగారు నీళ్ల ట్యాంకరు ఎక్కేశారు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సుబేదార్ సాబ్ మాత్రం, "దానికి నువ్వు అక్కర్లేదయ్యా, నీ నీడ కావాలి! కదలకుండా నిలబడితే అదీ ఆగిపోయేది" అన్నారట.

ఇంతకీ అది సాలీడేనా?

కాదు! సాలీడు, తేలు, ఒంటె సాలీడు మూడూ అరాక్నిడా తరగతికి చెందినవే. కానీ ఒంటె సాలీడుది సోలిఫ్యూగే అనే వేరే క్రమం. లాటిన్‌లో ఆ మాటకు 'ఎండ నుంచి పారిపోయేవి' అని అర్థం. అందుకే అది నీడ కోసం అంతగా పరుగెత్తింది.

సాలీడుకు ఉండే సన్నని నడుము దీనికి ఉండదు. ఇది దారం తీయలేదు. చూడటానికి పది కాళ్లు కనిపిస్తాయి కానీ నిజానికి ఎనిమిదే. ముందున్న జత తడుముకోవడానికి, ఎరను పట్టుకోవడానికి పనికొస్తుంది. తేలుకు ఉన్నట్టు విషపు కొండి లేదు. నోటి ముందు కత్తెరల్లాంటి రెండు బలమైన దవడలు ఉంటాయి. పట్టుకోబోతే వాటితో కొరుకుతుంది, నొప్పి పుడుతుంది. ఇది తినేది పురుగులను, చిన్న బల్లులను, ఒంటెలను కాదు.

గోరంత కొండంతైన కథ

2004లో ఇరాక్‌లో అమెరికా సైనికులు తీసిన ఒక ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అందులో ఒంటె సాలీడు మనిషి కాలంత పొడవు కనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, అక్కడ ఒకదాన్నొకటి కరచుకున్న రెండు పురుగులున్నాయి. పైగా వాటిని కెమెరాకు బాగా దగ్గరగా పట్టుకున్నారు. నిజంగా కొలిస్తే, కాళ్లు చాచుకున్న పెద్ద ఒంటె సాలీడైనా సుమారు 15 సెంటీమీటర్లే, అంటే మన స్కేలులో సగం! పరుగు మాత్రం గట్టిదే, గంటకు సుమారు 16 కిలోమీటర్ల దాకా.

అందరూ భయపడ్డారనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈజిప్టులో ఉన్న బ్రిటిష్ సైనికులు వీటిని పట్టి పోట్లాడించి, మన కోడిపందేల్లాగే పందేలు కాసేవారు.

బూట్ల పాఠం

ఆ రోజు నుంచి నాన్నగారు పొద్దున్నే బూట్లు బోర్లించి, దులిపి వేసుకునేవారు. "నీ సాలీడు ఉందా?" అని తోటివాళ్లు రోజూ ఆటపట్టించేవారు. ఒకరోజు బూటులోంచి టప్పున తేలు పడింది. ఎవరూ నవ్వలేదు. మర్నాడు ఆ టెంటులో అందరూ బూట్లు దులిపారు.

ఈ మాట విన్నాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నాన్నగారే నవ్వుతూ, "నేను భయపడింది ఏమీ చేయనిదాన్ని చూసి. ఆ భయమే అసలు ప్రమాదం నుంచి కాపాడింది" అన్నారు.

మిత్రులారా, మనకూ మూడేళ్లకోసారి ఊరు మారుతుంది. వెళ్లకముందే కొత్త ఊరి గురించి, కొత్త బడి గురించి ఒంటె సాలీడు కథలు వినబడతాయి. అప్పుడు పరుగెత్తకుండా ఒక్క క్షణం నిలబడి చూద్దాం. మన వెంటపడుతున్నది మన నీడ కోసం వచ్చిన చిన్న పురుగే కావచ్చు. బూట్లు దులుపుకోవడం మాత్రం మరచిపోవద్దు!