నిద్రపోయినా తీరని అలసట

రాత్రంతా కూర్చుని కోడ్ రాస్తే వచ్చే అలసట ఆదివారం బాగా పడుకుంటే పోతుంది. సెలవులకి ఇంటికెళ్లి వారం రోజులు పడుకున్నా పోలేదంటే మాత్రం అది వేరే సంగతి. దాన్నే బర్నౌట్ అంటున్నారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ దీని గురించి రాశారు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దీనికి మూడు గుర్తులు చెప్పారు:

1. శక్తి మొత్తం అయిపోయినట్టు ఉండటం.
2. ఒకప్పుడు ఇష్టపడిన పని మీదే విరక్తి కలగడం.
3. "నా వల్ల ఏదీ కాదు" అనిపించడం.

ఈ మూడోదాన్నే మనం బద్ధకం అనుకుని, ఇంకో కోర్సులో చేరిపోతాం. అలా బరువు ఇంకా పెరుగుతుంది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్‌ని జబ్బు అనలేదు. పనిచోట ఎంతకీ తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితి అంది. అంటే నిద్ర ఒక్కటే చాలదు, ఒత్తిడి కూడా తగ్గాలి. కోర్సు, క్లబ్, హ్యాకథాన్, ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్‌లలో ఈ సెమిస్టర్‌కి ఏదో ఒకటి వదిలేయండి. రోజూ ఒకే టైమ్‌కి పడుకోండి. రీల్స్ చూడటాన్ని రెస్ట్ లెక్కలో వేయకండి, కాసేపు నడవండి.

చదువే కాదు, తిండి, స్నేహితులు, ఇల్లు ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు డాక్టర్‌ని కలవాలి. టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. రూమ్మేట్‌కి అవసరమైతే పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి.